నర్సుకు అమెరికా వీసా: ఏ దారి ఎందాకా పోతుంది

"అక్కా, మూడు నెలల్లో హెచ్-1బీ వేయిస్తానంటున్నాడు. నాలుగు లక్షలు కట్టమంటున్నాడు. కట్టేయమంటావా?"

విజయవాడలో ఐసీయూలో పనిచేసే ఒక అమ్మాయి పెట్టిన వాయిస్ మెసేజ్ ఇది. ఇలాంటిది నెలకు ఒకటైనా వస్తుంది నాకు. నేను టెక్సస్‌లో నర్సుని. కొన్నేళ్లుగా మా ఆసుపత్రి బయటి దేశాల నుంచి నర్సులను తెచ్చుకునే పనిలో మేనేజర్లకు సాయం చేస్తున్నాను. అటు ఖమ్మం, నెల్లూరు, కర్నూలు నుంచి అడిగేవాళ్ల టెన్షన్ తెలుసు. ఇటు నైట్ షిఫ్టుకు మనుషులు చాలక ఒక్కో నర్సుకు ఇద్దరు ముగ్గురు రోగులను అదనంగా అప్పజెప్పే యూనిట్ల అవస్థా తెలుసు. ఈ రెండింటి మధ్య నిలబడ్డ చట్టం మాత్రం ఇటువాళ్లకూ అటువాళ్లకూ సగమే అర్థమవుతోంది. మిగతా సగం ఏజెంట్లు తమకు నచ్చినట్టు చెప్పుకుంటున్నారు. నేను లాయర్ని కాను, ఎవరి కేసు వాళ్లు లాయరుకు చూపించుకోవాల్సిందే. కానీ లాయరు దగ్గరికి వెళ్లేలోపే, ఏజెంటుకు డబ్బు కట్టేలోపే తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మొట్టమొదటిది: అమెరికాలో నర్సుల కోసం ప్రత్యేకంగా వర్క్ వీసా ఏదీ ఇప్పుడు లేదు. ఒకప్పుడు ఉండేది. 1989లో నర్సుల కొరత తీర్చడానికి చేసిన చట్టంతో హెచ్-1ఏ అనే వీసా వచ్చింది, 1995లో ముగిసింది. 1999 చట్టంతో హెచ్-1సీ వచ్చింది. ఏడాదికి 500 మందికే, అదీ వైద్యులు, నర్సులు దొరకని ప్రాంతాల్లోని ఆసుపత్రులకే. షరతులన్నీ కలిపి చూస్తే దేశం మొత్తం మీద 14 ఆసుపత్రులకే ఆ అర్హత దక్కింది. 2009 డిసెంబరులో అదీ పోయింది. ఆ తర్వాత దాని స్థానంలో ఇంకోటి రాలేదు. "నర్సింగ్ వీసా" అని ఎవరైనా బోర్డు పెట్టుకుంటే, అసలు ఏ వీసా గురించి చెబుతున్నారో అక్కడే అడగాలి.

ఇక హెచ్-1బీ. మన ఇళ్లలో అమెరికా అంటే హెచ్-1బీనే కాబట్టి నర్సుకూ అదే అనుకుంటారు. "నాకు బీఎస్సీ నర్సింగ్ ఉంది కదా, డిగ్రీ అడిగే వీసాకు నేనెందుకు పనికిరాను?" అని అడుగుతారు. చట్టం చూసేది మీ డిగ్రీని మాత్రమే కాదు, ఆ ఉద్యోగాన్ని. ఆ ఉద్యోగంలో చేరడానికి కనీసం బ్యాచిలర్స్ డిగ్రీ కావాలన్నది మామూలు నియమంగా ఉండాలి. అమెరికాలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చదివినవాళ్లు కూడా పరీక్ష పాసై రిజిస్టర్డ్ నర్సు అవుతారు. మీరు ఎమ్మెస్సీ చేసినా సరే, వార్డులో బెడ్‌సైడ్ నర్సు పోస్టుకు డిగ్రీ తప్పనిసరి కాదు కాబట్టి ఆ పోస్టుకు హెచ్-1బీ సాధారణంగా రాదు. నర్స్ ప్రాక్టిషనర్, క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్, కొన్ని చోట్ల నర్స్ మేనేజర్, చాలా ప్రత్యేకమైన యూనిట్లలోని కొన్ని పోస్టులు గట్టెక్కుతాయి. 2015లో ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన మెమోలో కూడా ఇంచుమించు ఇదే ఉంది.

ఆ గట్టెక్కినవాళ్లకైనా లాటరీ ఉంది. ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. పేరు నమోదు మార్చిలో, ఉద్యోగం మొదలయ్యేది అక్టోబరులో. కాబట్టి మూడు నెలల లెక్క ఎక్కడా కుదరదు. విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని ఆసుపత్రులకు లాటరీ బెడద లేదు, అదొక్కటి నిజమైన వెసులుబాటు. కానీ 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటనతో, దేశం బయట ఉన్న మనిషికి కొత్తగా హెచ్-1బీ వేయాలంటే యజమాని లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఒక వార్డు నర్సు కోసం ఆ డబ్బు కట్టే ఆసుపత్రిని నేను చూడలేదు.

కెనడా, మెక్సికో పౌరులకు టీఎన్ అని వేరే దారి ఉంది. ఆ రెండు దేశాలతో అమెరికాకు ఉన్న వాణిజ్య ఒప్పందంలో ఉన్న వృత్తుల జాబితాలో రిజిస్టర్డ్ నర్సు ఒకటి. లాటరీ లేదు, ఏడాదికి ఇన్ని అనే లెక్క లేదు. ఇచ్చిన ప్రతిసారీ మూడేళ్ల దాకా ఇవ్వొచ్చు, పొడిగించుకోవచ్చు. కెనడా పౌరురాలైతే కాగితాలు పట్టుకుని సరిహద్దు దగ్గరే అడగొచ్చు. బ్రాంప్టన్‌లోనో కాల్గరీలోనో ఉన్న మన అమ్మాయిలు కొందరు "నాకు కెనడా పీఆర్ ఉంది కదా" అంటారు. పీఆర్ చాలదు, పౌరసత్వం ఉండాలి. పౌరసత్వం వచ్చాక మాత్రం ఆసుపత్రికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

ఇవి పోగా మిగిలేది, నిజానికి చాలామంది విదేశీ నర్సులు అమెరికాకు వచ్చేది ఈబీ-3 ద్వారా. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో అది మూడో తరగతి. అంటే వర్క్ వీసా కాదు, నేరుగా గ్రీన్ కార్డు. ఫిలిప్పీన్స్ నర్సు విమానం దిగేసరికే శాశ్వత నివాసి అవుతుంది. భర్త, పెళ్లికాని 21 ఏళ్లలోపు పిల్లలు కూడా అలాగే వస్తారు. తాత్కాలిక వీసా దారి మూసేసి, శాశ్వత నివాసం దారి తెరిచి ఉంచడం వింతగా అనిపిస్తుంది కానీ, ఉన్నది ఇదే.

ఇక్కడే షెడ్యూల్ ఏ అనే మాట వస్తుంది. ఎక్కువ మోసం జరిగేది కూడా ఈ మాట చుట్టూనే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మామూలుగా గ్రీన్ కార్డుకు స్పాన్సర్ చేసే కంపెనీ ముందుగా ఉద్యోగ ప్రకటనలు ఇచ్చి, ఇక్కడి వాళ్లెవరూ ఆ ఉద్యోగానికి దొరకలేదని కార్మిక శాఖ దగ్గర నిరూపించుకోవాలి. దాన్నే సాఫ్ట్‌వేర్ వాళ్లు పెర్మ్ అంటారు. నర్సులకు, ఫిజికల్ థెరపిస్టులకు కొరత ఉందని కార్మిక శాఖే ముందుగా ఒప్పేసుకుని ఒక జాబితా రాసి పెట్టింది. ఆ జాబితా పేరే షెడ్యూల్ ఏ. అందువల్ల ఆసుపత్రి ప్రకటనలు ఇవ్వక్కర్లేదు. ఆ ఊళ్లో ఆ పనికి ఇవ్వాల్సిన జీతం ఎంతో కార్మిక శాఖతో తేల్చుకుంటుంది. దానికే కొన్ని నెలలు పడుతుంది. తర్వాత పని జరిగే చోట ఒక నోటీసు అంటిస్తుంది. ఆపై కాగితాలన్నీ కలిపి ఐ-140 అనే పిటిషన్‌తో నేరుగా ఇమిగ్రేషన్ శాఖకు పంపుతుంది.

ఆ నోటీసు గురించి ఒక మాట. మా దగ్గర దాన్ని బ్రేక్ రూమ్‌లో, మైక్రోవేవ్ పక్కన ఉన్న బోర్డు మీద అంటిస్తారు. ఫలానా యూనిట్‌లో రిజిస్టర్డ్ నర్సు, గంటకు ఇంత జీతం, ఈ దరఖాస్తు గురించి ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే కార్మిక శాఖలో ఫలానా అధికారికి రాయవచ్చు అని ఉంటుంది. వరసగా పది పనిదినాలు ఉండాలి. పిటిషన్ పంపడానికి కనీసం 30 రోజుల ముందు, 180 రోజులకు మించకుండా ఆ పని అయిపోవాలి. ఒకసారి ఎవరో పుట్టినరోజు కేకు ఫోటో అంటించడానికి ఆ కాగితం పీకేశారు. ఆరో రోజున చూసుకున్నాం. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలు. ఒక మనిషి కేసు రెండు వారాలు వెనక్కి పోయింది. ఆసుపత్రి వైపు ఆలస్యాలు ఎక్కువగా ఇలాంటివే, చిన్న కాగితాల దగ్గరే.

ఇప్పుడు అసలు మాట. షెడ్యూల్ ఏ తప్పించేది ప్రకటనల తతంగాన్ని మాత్రమే. కోటాను తప్పించదు. "షెడ్యూల్ ఏ అంటే క్యూ లేదు" అని చెప్పేవాళ్లు అబద్ధమైనా చెబుతున్నారు, లేదా వాళ్లకే తెలియదు. తిరుమలలో లగేజీ చెకింగ్ దగ్గర మిమ్మల్ని ముందుకు పంపారనుకోండి, లోపల కంపార్ట్‌మెంట్‌లో అందరితో పాటు కూర్చోవాల్సిందే కదా. ఐ-140 ఇమిగ్రేషన్ శాఖకు చేరిన రోజు మీ ప్రయారిటీ డేట్. అదనపు ఫీజు కడితే ఆ పిటిషన్ మీద 15 పనిదినాల్లో ఏదో ఒకటి తేలుస్తారు. దాన్ని చూపించి "పదిహేను రోజుల్లో వీసా" అనేవాళ్లున్నారు. ఐ-140 అప్రూవ్ కావడం అంటే క్యూలో మీ చోటు ఖాయం కావడం, అంతే.

ఆ క్యూ పొడవు ఎందుకంత? ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000. అందులో ఈబీ-3 వాటా 28.6 శాతం, అంటే నలభై వేల పైచిలుకు. ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ ఏడు శాతానికి మించకూడదు. ఆ లెక్కన ఈబీ-3లో భారత్‌కు వచ్చేవి సుమారు 2,800. వేరే దేశాల వాటా మిగిలితే ఇంకొన్ని కలుస్తాయి. ఆ 2,800లో నర్సులు మాత్రమే లేరు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, అకౌంటెంట్లు, వంటవాళ్లు, వాళ్ల భార్యాభర్తలు, పిల్లలు అందరూ ఉన్నారు. నలుగురున్న కుటుంబానికి నాలుగు నంబర్లు పోతాయి.

ఇందులో మన వాళ్ల పాత్ర కూడా ఉంది. 2020 అక్టోబరులో ఈబీ-3 క్యూ, ఇంకా పై చదువు అడిగే ఉద్యోగాలకు ఉండే ఈబీ-2 క్యూ కంటే ముందుకు దూకింది. ఈబీ-2లో ఏళ్ల తరబడి ఆగిపోయిన భారతీయ ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో ఈబీ-3లోకి కూడా పిటిషన్లు వేసుకున్నారు. వాళ్లూ దశాబ్దం నుంచి నిలబడ్డవాళ్లే, ఆశ పడటంలో తప్పు లేదు. కానీ ఆ క్యూలో వెనక నిలబడిన భారతీయ నర్సు ఇంకా వెనక్కి వెళ్లింది. డల్లాస్‌లో ఏదో అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉన్న ఇంజినీరు ఈబీ-2 నుంచి ఈబీ-3కి దిగడానికీ, గుంటూరులో ఎదురుచూస్తున్న నర్సు తేదీకీ సంబంధం ఉందని చాలామందికి తెలియదు.

విదేశాంగ శాఖ నెలనెలా వీసా బులెటిన్ విడుదల చేస్తుంది. అందులో మీ దేశం గడిలో ఉన్న తేదీ కంటే మీ ప్రయారిటీ డేట్ ముందుదైతే మీ వంతు వచ్చినట్టు. 2025 అక్టోబరు బులెటిన్‌లో ఈబీ-3 భారత్ గడిలో ఉన్నది 2013 ఆగస్టు. ఫిలిప్పీన్స్‌కూ, తక్కిన ఎక్కువ దేశాలకూ 2023 తొలి సగం. అంటే మనీలా నర్సుకు రెండున్నరేళ్లు, మనకు పన్నెండేళ్లు. ఇవాళ పిటిషన్ వేసే భారతీయ నర్సుకు పన్నెండుతో అవుతుందన్న భరోసా కూడా లేదు. అప్పుడు నిలబడ్డవాళ్ల కంటే ఇప్పుడు ముందున్నవాళ్లు ఎక్కువ. ఇవాళ పదేళ్లున్న పిల్లాడు వంతు వచ్చేసరికి 21 దాటొచ్చు. వయసు లెక్కలో పిటిషన్ పెండింగ్‌లో ఉన్న రోజులను తీసేసే చట్టం ఉంది కానీ, అప్రూవ్ అయ్యాక ఎదురుచూసిన ఏళ్లను అది తీసేయదు.

ఈ క్యూలో పౌరసత్వం లెక్కలోకి రాదు, పుట్టిన దేశమే లెక్క. దీనివల్ల నష్టపోయేవాళ్లే ఎక్కువ. భారత్‌లో పుట్టి కెనడా పాస్‌పోర్టు తీసుకున్నా గ్రీన్ కార్డుకు భారత్ క్యూలోనే నిలబడాలి. కానీ ఇదే నియమం కొందరికి తలుపు తీస్తుంది, వాళ్లకు ఆ సంగతే తెలియదు.

రెండేళ్ల కిందట రాయచోటి వైపు అమ్మాయి ఒకరు ఫోన్ చేశారు. తిరుపతిలో చదివింది, బెంగళూరులో డయాలిసిస్ యూనిట్‌లో పని. ఎన్‌క్లెక్స్ అనే అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష పాసయింది. ఇండియా క్యూ సంగతి విని వదిలేద్దామనుకుంటున్నానక్కా అంది. మాటల్లో మాటగా వాళ్ల నాన్న కువైట్‌లో డ్రైవరుగా చేసేవారని, తనకు నాలుగేళ్లొచ్చాక తిరిగొచ్చేశారని చెప్పింది. "నువ్వెక్కడ పుట్టావమ్మా?" అని అడిగాను. "కువైట్‌లోనే." పాస్‌పోర్టులో పుట్టిన చోటు కూడా అదే. భారత పౌరురాలే, తెలుగు తప్ప ఇంకో భాషలో కలగని మనిషే, కానీ చట్టం దృష్టిలో ఆమె నిలబడాల్సింది కువైట్ గడిలో. ఆ గడి తక్కిన దేశాల వరసలోకి వస్తుంది. పన్నెండేళ్లు రెండున్నరేళ్లయ్యాయి. పాత అరబిక్ జనన పత్రం వెతకడానికి వాళ్లమ్మకు రెండు నెలలు పట్టింది. ఇనప్పెట్టెలో పట్టుచీర మడతల మధ్య దొరికింది.

గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలు కడప, గోదావరి జిల్లాల్లో, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. మస్కట్‌లో, దుబాయ్‌లో, సౌదీలో పుట్టి ఇక్కడ పెరిగిన నర్సులు ఉంటారు. మీరు కాకపోయినా మీ భర్త అలా పుట్టి ఉంటే, ఇద్దరూ కలిసి వెళ్లేటప్పుడు ఆయన పుట్టిన దేశం గడిని మీరు వాడుకోవచ్చు. లాయరుతో మొదటి మాట ఇదే అయి ఉండాలి.

ఆసుపత్రులకు నేను పదే పదే చెప్పేది ఇంకోటి ఉంది. విదేశీ నర్సు అనగానే విమానం ఎక్కించి తేవాలనే ఆలోచిస్తారు. దేశంలోనే ఉన్నవాళ్లను చూడరు. హెచ్-1బీ మీద ఉన్న ఇంజినీర్ల భార్యల్లో మన తెలుగు నర్సులు ఉన్నారు. భర్తకు ఐ-140 అప్రూవ్ అయి ఉంటే, 2015 మే నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం హెచ్-4 మీద ఉన్న భార్యకు పని అనుమతి వస్తుంది. తమ కంపెనీ బదిలీ మీద ఎల్-1 వీసాతో వచ్చినవాళ్ల భార్యలకైతే 2021 నుంచి ఆ హోదాతోనే పనిచేసే హక్కు ఉంది. వాళ్లను తీసుకోవడానికి ఆసుపత్రి ఏ పిటిషనూ వేయక్కర్లేదు. రాష్ట్రం ఇచ్చిన నర్సింగ్ లైసెన్సు ఉంటే చాలు. నేనూ అలా వచ్చిన మనిషినే. హైదరాబాద్‌లో ఆరేళ్లు ఆపరేషన్ థియేటర్‌లో చేసి, ఇక్కడ మూడేళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఆ మూడేళ్లలో నా ఇంటికి నాలుగు మైళ్ల దూరంలోని ఒక ఆసుపత్రి ఏజెన్సీ నర్సులకు రెట్టింపు డబ్బు కట్టింది. నాలాంటివాళ్లకు కావాల్సింది వీసా కాదు, పరీక్షకు చదువుకునేంతసేపు పిల్లల్ని చూసే మనిషి, కాగితాలు ఎక్కడికి పంపాలో చెప్పే మనిషి.

ఆ కాగితాల సంగతికొస్తే, వీసా ఏదైనా లైసెన్సు దారి ఒకటే. మీరు ఎంచుకున్న రాష్ట్రం నర్సింగ్ బోర్డు మీ చదువును మదింపు చేయిస్తుంది. కాలేజీ, మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ తమ పత్రాలను నేరుగా పంపాలి, మీ చేతికిస్తే చెల్లవు. కాలేజీ మూతపడిందనో, ప్రిన్సిపల్ సంతకం పెట్టడం లేదనో ఏడాది ఆగినవాళ్లున్నారు. అందుకే మొదట మొదలుపెట్టాల్సింది ఇదే. బీఎస్సీతో పాటు జీఎన్ఎం వాళ్లు కూడా రిజిస్టర్డ్ నర్సు పరీక్షకు అర్హులు కావచ్చు. ఏఎన్ఎం చదువు దానికి సరిపోదు. ఎంత అనుభవం ఉన్నా ఏఎన్ఎంకు రిజిస్టర్డ్ నర్సు వీసా ఇప్పిస్తామంటే నమ్మకండి.

తర్వాత ఎన్‌క్లెక్స్. హైదరాబాద్‌లోనే రాయొచ్చు. ఐదు గంటలు, 85 నుంచి 150 ప్రశ్నలు, మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది. మన దగ్గర నేర్పినట్టు బట్టీ పట్టి గట్టెక్కే పరీక్ష కాదు. నలుగురు రోగులున్నారు, ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు అని అడుగుతుంది.

ఆ పైన వీసాస్క్రీన్ అనే సర్టిఫికెట్. 1996 చట్టం తెచ్చిన నిబంధన ఇది. మీ చదువు, లైసెన్సు, ఇంగ్లిష్ మూడూ సరిపోయాయని చెప్పే పత్రం. ఈబీ-3కే కాదు, హెచ్-1బీకి, టీఎన్‌కు కూడా కావాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివామన్నా భారత్ వాళ్లకు ఇంగ్లిష్ పరీక్ష మినహాయింపు లేదు. ఒక జాగ్రత్త: ఇది ఐదేళ్లే చెల్లుతుంది, ఇంగ్లిష్ స్కోర్లయితే రెండేళ్లు. ఈ పత్రం అవసరమయ్యేది ఐ-140 దగ్గర కాదు, చివర్లో వీసా ఇంటర్వ్యూ దగ్గర. భారత్ క్యూలో ఉన్న నర్సు చేత ఇప్పుడే దీనికి డబ్బు కట్టించే ఏజెంటు, పన్నెండేళ్ల తర్వాత జరిగే పెళ్లికి ఇవాళ పూలు కొనిపిస్తున్నట్టే.

ఒప్పందాల మీద కూడా కోపంగానే ఒక మాట చెప్పాలి. ఆసుపత్రో ఏజెన్సీయో ఖర్చు పెట్టి తెచ్చినందుకు రెండు మూడేళ్లు పనిచేయమని అడగడం మామూలే. కానీ మధ్యలో మానేస్తే పాతిక వేల డాలర్లు కట్టాలి, లేకపోతే కోర్టుకు లాగుతాం అని రాసుకునే ఒప్పందాలు చూశాను. 2019లో న్యూయార్క్‌లో ఫిలిప్పీన్ నర్సులు వేసిన కేసులో ఫెడరల్ కోర్టు అలాంటి పాతిక వేల డాలర్ల షరతు చెల్లదని, దాన్ని చూపి నర్సులను పనిలో పట్టి ఉంచడం మనుషుల అక్రమ రవాణాను అడ్డుకునే చట్టానికి విరుద్ధమని తీర్పు ఇచ్చింది. సంతకం పెట్టే ముందు మానేస్తే ఎంత, ఏడాది గడిచేకొద్దీ అది ఎంత తగ్గుతుంది, ఏ ఊళ్లో ఏ యూనిట్‌లో పని అన్నవి కాగితం మీద ఉన్నాయో లేదో చూసుకోండి.

చట్టం మారదా అని అడుగుతారు. ఒకసారి మారింది. 2005లో అంతకుముందు ఏళ్లలో వాడకుండా మిగిలిన గ్రీన్ కార్డుల్లోంచి 50,000 తీసి షెడ్యూల్ ఏ వాళ్లకు ఇచ్చారు. ఏడాదిన్నరలో అయిపోయాయి. ఇప్పుడు ఇక్కడ సీనియర్లుగా ఉన్న భారతీయ నర్సుల్లో కొందరు ఆ గాలివాటున వచ్చినవాళ్లే. 2020 నుంచి అలాంటి బిల్లే మళ్లీ మళ్లీ ప్రవేశపెడుతున్నారు. నర్సులకు 25,000, డాక్టర్లకు 15,000, దేశాలవారీ పరిమితి లేకుండా ఇవ్వాలని. ఇంతవరకు పాస్ కాలేదు. పాసైతే ఎక్కువగా పనికొచ్చేది ముందే పిటిషన్ వేసుకుని ఉన్నవాళ్లకు. పైగా ఒకసారి ఐ-140 అప్రూవ్ అయితే, తర్వాత ఇంకో ఆసుపత్రి స్పాన్సర్ చేసినా మామూలుగా ఆ పాత తేదీ మీతోనే వస్తుంది. అందుకే క్యూ పొడుగని తెలిసి కూడా, ఆసుపత్రి తన ఖర్చుతో వేస్తానంటే వేయించుకోమనే చెబుతాను. మీ డబ్బుతో వేయిస్తానంటే వద్దంటాను.

ఈలోగా బతుకు ఆగదు. బ్రిటన్‌లో నర్సు ఉద్యోగం, అక్కడి రిజిస్ట్రేషన్ పరీక్షలు ఉంటే హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా వస్తుంది, పుట్టిన దేశాన్ని బట్టి క్యూ లేదు. 2025 జులైలో బయటి నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేశారు కానీ నర్సులను ఆపలేదు. జర్మనీ భాష అడుగుతుంది, గట్టిగానే అడుగుతుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ అని విదేశీ ఉద్యోగాలకు ప్రభుత్వ సంస్థలే ఉన్నాయి. ప్రైవేటు ఏజెంటు గడప ఎక్కే ముందు అక్కడ ఒకసారి అడగడానికి బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు.

విజయవాడ అమ్మాయికి నేను మూడు ప్రశ్నలు పంపాను, ఏజెంటును అడగమని. నా పేరు మీద ఏ ఫారం వేస్తారు? పిటిషన్ మీద సంతకం పెట్టే ఆసుపత్రి పేరేంటి? నేను భారత్‌లో పుట్టాను, నా వంతు ఎప్పుడొస్తుంది? రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. "అవన్నీ మేం చూసుకుంటాం మేడం, ముందు అడ్వాన్స్ వేయండి అన్నాడక్కా. వేయలేదు." ఆ నాలుగు లక్షల్లోంచి కొంత తీసి పుస్తకాలు కొనుక్కుంది. ఎన్‌క్లెక్స్‌కు హైదరాబాద్ సెంటర్ పెట్టుకుంది. నర్సింగ్ కౌన్సిల్ నుంచి పత్రాలు బయల్దేరాయో లేదో కనుక్కోవడానికి వచ్చే సోమవారం సెలవు పెట్టిందట.